అమీర్‌పేట, పంజాగుట్టల్లో సౌర విద్యుత్తుతో ఇంటి దగ్గరే కారు చార్జింగ్

ఇంటి డాబాపై సోలార్ ప్యానెళ్లతో తయారయ్యే కరెంటును సొంత ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి ఎక్కించుకునే ఏర్పాటు ఇది. ప్యానెళ్లు, వాటి కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్, రాకపోకలు రెంటినీ లెక్కపెట్టే నెట్ మీటర్, పార్కింగులో చార్జర్ ఇందులో భాగాలు. విడివిడిగా చూస్తే ఇవన్నీ నగరంలో సులువుగా దొరికే సరుకులే. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజాగుట్టల్లో వీటిని ఒకచోట కలపడమే కష్టం. ఇక్కడ ఎండకు లోటు లేదు, కార్లకూ లోటు లేదు. ఒక్కో డాబా కింద ఇరవై కుటుంబాలు, కొన్నిచోట్ల వందమంది హాస్టల్ విద్యార్థులు ఉంటారు. కాబట్టి ఆ డాబా ఎవరిది, అక్కడి నుంచి కిందికి తీగ ఎలా దిగాలి అన్న రెండు ప్రశ్నలు తేలితే తప్ప మిగతా సాంకేతిక విషయాలకు పని ఉండదు.

కరెంటుతో ఈ ప్రాంతానికి ఉన్న సంబంధం పాతదే. పంజాగుట్టకు కాస్త దూరంలో హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఏడో నిజాం కాలంలో, 1920లో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం వెలసింది. నగరానికి దశాబ్దాలపాటు వెలుగిచ్చి 1983లో ఆగిపోయింది. ఇప్పుడు రాష్ట్ర విద్యుత్ సంస్థల కార్యాలయం విద్యుత్ సౌధ ఉన్నదీ ఆ దగ్గర్లోనే. ఊరి నడుమ కరెంటు తయారు చేసుకోవడం అనే పని, పొగ లేకుండా, ఇప్పుడు డాబాల మీదికి తిరిగి వస్తోంది.

డాబా సంగతి

సంజీవరెడ్డి నగర్‌లో హౌసింగ్ బోర్డు కాలం నాటి స్థలాల్లోనూ, బల్కంపేట, ధరం కరం రోడ్డు, ద్వారకాపురి కాలనీ, శ్రీనగర్ కాలనీ సందుల్లోనూ ఇళ్లను మూడు రకాలుగా చూడవచ్చు. తగ్గిపోతూ వస్తున్న సొంత ఇళ్లు మొదటి రకం. 1980ల తర్వాత లేచిన నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు రెండోది. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లను నమ్ముకుని పుట్టిన హాస్టళ్లు మూడోది. సొంత ఇల్లున్నవారికి చిక్కు తక్కువ: డాబా వారిదే, మీటరు వారిదే, కారు నిలిపే చోటూ వారిదే. హాస్టల్ డాబాల మీద బట్టల తీగలు, రేకుల కింద వంటశాలలు, భోజనాల బల్లలు ఉంటాయి కాబట్టి ప్యానెళ్లకు చోటు దొరకడం అరుదు. అసలు చర్చ జరగాల్సింది అపార్ట్‌మెంట్ల గురించే.

1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం డాబా ఫ్లాటు యజమానులందరి ఉమ్మడి ఆస్తి. పై అంతస్తులో ఉంటున్నంత మాత్రాన, పెంట్‌హౌస్ కొన్నంత మాత్రాన డాబా సొంతం కాదు. తన ఒక్క కారు కోసం ఎవరైనా ప్యానెళ్లు పెట్టుకోవాలంటే మిగతావారి సమ్మతి కావాలి. అసోసియేషన్ సమావేశంలో తీర్మానం రాయించుకుని, అందరి సంతకాలూ తీసుకోవడం మంచిది. నోటిమాటగా సరేనన్నవారు ఫ్లాటు అమ్ముకుని వెళ్లిపోతే కొత్తగా వచ్చినవారిని ఆ మాట కట్టిపడేయదు.

వాటా ఎంత వస్తుందో ఒక ఊహాలెక్క చూద్దాం. ఐదు అంతస్తులు, అంతస్తుకు నాలుగు చొప్పున ఇరవై ఫ్లాట్లు, డాబా విస్తీర్ణం 4,000 చదరపు అడుగులు అనుకోండి. నీళ్ల ట్యాంకులు, లిఫ్టు మెషిన్ గది, మెట్ల గది, వాటి నీడలు పోగా సగం మిగిలితే అదృష్టమే. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు అవసరమన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం 20 కిలోవాట్లు, అంటే ఫ్లాటుకు ఒక కిలోవాట్ దక్కుతుంది. నెలకు సుమారు 120 యూనిట్లు. ఒక కుటుంబం కారు తాగే కరెంటులో పెద్ద భాగం ఇందులో వస్తుంది. ఏసీలు, ఫ్రిజ్‌లతో సహా ఇంటి వాడకమంతా మాత్రం రాదు. అమీర్‌పేట లాంటి చోట అంతస్తుల కింద పంచుకున్న ఎండ మనిషికి ఎంత వస్తుందో తెలియడానికి ఈ లెక్క ఒక్కటి చాలు. ఇరవై కుటుంబాల్లో నలుగురికే కారుంటే, మిగతావారి వాటాను ఆ నలుగురు ఏ షరతుల మీద వాడుకోవచ్చన్నది అసోసియేషన్ ముందే తేల్చుకోవాలి.

ప్యానెళ్లకు పెద్ద శత్రువు నీడ. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో, ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు చివర్లో మాత్రం మధ్యాహ్నం కూడా దక్షిణాన 49 డిగ్రీల ఎత్తు దాటడు. అప్పుడు దక్షిణం వైపు పక్కింటి గోడ మన డాబా కన్నా పది మీటర్లు ఎత్తుంటే, దాని నీడ మిట్టమధ్యాహ్నం వేళకే ఎనిమిదిన్నర మీటర్లు పడుతుంది. ఉదయం, సాయంత్రం ఇంకా పొడుగు. వేసవిలో వచ్చి డాబా చూసిన గుత్తేదారుకు ఈ నీడ కనిపించదు. రెండంతస్తుల ఇళ్ల పక్కన పది అంతస్తుల వాణిజ్య భవనాలు లేచిన పంజాగుట్టలో డిసెంబరు నీడను లెక్కగట్టించకుండా డబ్బు కట్టకూడదు. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒకదానిపై నీడ పడితే ఆ వరుస మొత్తం ఉత్పత్తి దెబ్బతింటుంది. నీడ తప్పనిచోట ప్యానెల్‌కొక చిన్న ఇన్వర్టర్ పెట్టుకునే మార్గం ఉంది. ఖర్చు ఎక్కువైనా ఇలాంటి ఇరుకు డాబాలకు అది తగిన పరిష్కారం.

ఎనిమిది పది అడుగుల ఎత్తున ఇనుప చట్రం కట్టి దానిపై ప్యానెళ్లు బిగిస్తే కింద బట్టలు ఆరేసుకోవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు. ఇరుగుపొరుగు ఒప్పుకోవడానికి ఇదే దగ్గరి దారి. అయితే ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ పెరుగుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం హైదరాబాద్‌లో కట్టడాలను సెకనుకు 44 మీటర్ల గాలి వేగాన్ని ప్రాతిపదికగా తీసుకుని రూపొందించాలి. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులు చూసినవారికి ఆ అంకె ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. స్లాబు పైన ఊరికే దిమ్మెలు పోసి నిలబెట్టిన చట్రాన్ని ఒప్పుకోవద్దు.

ఎన్ని ప్యానెళ్లు కావాలి

ఇక్కడి ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎక్కువ, మబ్బులు కమ్మే జులై, ఆగస్టుల్లో తక్కువ. ఎండ మండినకొద్దీ ఉత్పత్తి పెరుగుతుందనుకోవడం సరికాదు. ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం వరకు సామర్థ్యం తగ్గుతుంది. వేసవి మధ్యాహ్నం ప్యానెల్ వేడి 65 డిగ్రీలకు చేరితే ఉత్పత్తిలో ఎనిమిదో వంతు పోయినట్టే. దుమ్ము మరో నష్టం. రోడ్డు పక్క డాబాల మీది ప్యానెళ్లను వారం పది రోజులకోసారి కడగాలి. బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే ఉప్పు మరకలు పేరుకుంటాయి, వెంటనే తుడవాలి.

ఇక కారు. చిన్న, మధ్యరకం ఎలక్ట్రిక్ కారు చార్జింగులో పోయే నష్టాలతో కలిపి యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల దాకా నడుస్తుంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి వెళ్లివస్తూ, మధ్యలో పిల్లల బడి, కూరగాయల మార్కెట్టు కలుపుకుని నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి సుమారు 150 యూనిట్లు కావాలి. 550 వాట్ల ప్యానెళ్లు మూడుంటే ఈ అవసరం తీరుతుంది. బ్యాటరీ 24 యూనిట్లదా 45 యూనిట్లదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. తిరిగే దూరాన్ని బట్టే ప్యానెళ్ల సంఖ్య ఉంటుంది. పెద్ద బ్యాటరీ ఉంది కదా అని పెద్ద సోలార్ పెట్టించుకునే తొందర చాలామందిలో కనిపిస్తుంది, అది అనవసరపు ఖర్చు.

ఈ 150 యూనిట్ల విలువ తెలంగాణ శ్లాబుల్లో ఎక్కడ పడుతుందో చూస్తే సోలార్ ఎందుకో బోధపడుతుంది. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన గృహ ధరల ప్రకారం, నెలకు 180 యూనిట్లు వాడే ఇంటికి మొదటి వందకు 3.40, ఆపైన 4.80 రూపాయల చొప్పున 724 రూపాయలు అవుతుంది. కారు వచ్చి 150 కలిస్తే వాడకం 330కి చేరుతుంది. 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది: మొదటి 200కు 5.10, తర్వాతి వందకు 7.70, ఆపైన 9 రూపాయలు. మొత్తం 2,060. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వేరు. అంటే కారు తాగిన ఒక్కో యూనిట్‌కు దాదాపు 8.90 రూపాయలు పడినట్టు. అదే డాబాపై మూడు కిలోవాట్లుంటే నెలకు 360 యూనిట్ల దాకా వచ్చి ఇల్లు, కారు రెండూ అందులోనే సర్దుకుంటాయి. సోలార్ ఎప్పుడూ అన్నిటికన్నా ఖరీదైన పై శ్లాబు యూనిట్లనే ముందు తగ్గిస్తుంది కాబట్టి, కారున్న ఇంట్లో పెట్టుబడి త్వరగా తిరిగి వస్తుంది. సోలార్ లేకున్నా పెట్రోలుతో పోలికే లేదు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారు వెయ్యి కిలోమీటర్లకు 67 లీటర్లు తాగుతుంది. లీటరు 107 రూపాయల లెక్కన అది ఏడు వేలు దాటుతుంది.

పగటి ఎండ, రాత్రి చార్జింగ్

ఎండ కాసేవేళ కారు ఆఫీసులో ఉంటుంది, కారు ఇంటికి చేరేసరికి ఎండ పోతుంది. ఈ ఎడాన్ని పూడ్చేది నెట్ మీటర్. పగలు మిగిలిన కరెంటు దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ లైన్లలోకి వెళ్తుంది, రాత్రి అక్కడి నుంచే తిరిగి తెచ్చుకుంటాం. బిల్లులో రెండింటి తేడాకే డబ్బు. వేసవి మిగులు వానాకాలానికి కొంతవరకు అక్కరకొస్తుంది.

బిల్లు లెక్కలో ఇది సోలార్ చార్జింగే. తీగలో పారే కరెంటు లెక్క వేరు, ఆ సంగతి నిజాయతీగా చెప్పుకోవాలి. రాత్రి పదకొండుకు బల్కంపేట సెల్లారులో కారుకెక్కే కరెంటులో ఎక్కువ భాగం సింగరేణి బొగ్గుతో రామగుండం, కొత్తగూడెం లాంటిచోట్ల తయారైనదే. కారు నిజంగా ఎండతోనే నడవాలంటే ఉదయం తొమ్మిదికీ సాయంత్రం నాలుగుకూ మధ్య చార్జ్ కావాలి. పబ్లిక్ చార్జింగ్ స్టేషన్ల మార్గదర్శకాల్లో కేంద్రం సౌర గంటలని పేరు పెట్టి తక్కువ ధర నిర్దేశించినదీ ఈ వేళలకే. ఇంటి నుంచి పనిచేసే రోజులున్నవారు, విశ్రాంత ఉద్యోగులు, రెండు కార్లున్నవారు దీన్ని సులువుగా పాటించగలరు. మిగతావారికి శని, ఆదివారాలు ఉన్నాయి: నెమ్మది చార్జరుతో రెండు పగళ్లలో ముప్పై యూనిట్లకు పైగా ఎక్కించుకోవచ్చు, అది వారం తిరుగుడుకు దాదాపు సరిపోతుంది. అయితే మూడు కిలోవాట్ల సోలార్ రెండు రోజుల్లో ఇచ్చేది 24 యూనిట్లే, మిగతాది లైనులోంచి వస్తుంది.

ఇలా పగలు చార్జ్ చేసేవారికి నెమ్మది చార్జరే మేలు. మధ్యాహ్నం మూడు కిలోవాట్ల సోలార్ వాస్తవంగా ఇచ్చేది రెండు, రెండున్నర కిలోవాట్లు. ఏడు కిలోవాట్ల గోడ చార్జరు దానికి మూడింతలు లాగుతుంది కాబట్టి మిగతా కరెంటు లైను నుంచి రావాల్సిందే. కారుతోపాటు ఇచ్చే పదిహేను ఆంపియర్ల తీగను పది ఆంపియర్లకు పెట్టుకుంటే సుమారు 2.3 కిలోవాట్లు లాగుతుంది, డాబా ఇచ్చేదానికి అది సరిగ్గా కుదురుతుంది. డాబాపై ఉత్పత్తిని బట్టి తనంతట తానే వేగం మార్చుకునే చార్జర్లు కూడా వచ్చాయి. అవి ఆరు ఆంపియర్లకన్నా కిందికి దిగలేవు, అంటే మబ్బు పట్టి ఉత్పత్తి 1.4 కిలోవాట్లకన్నా తగ్గినప్పుడు ఆగిపోతాయి లేదా లైను నుంచి తీసుకుంటాయి.

కరెంటు పోయినప్పుడు డాబాపై ఎండ మండుతున్నా సోలార్ ఆగిపోతుంది. లైను మీద మరమ్మతు చేసే లైన్‌మన్ ప్రాణం కాపాడటానికి పెట్టిన ఏర్పాటిది. ఇంట్లో బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే కోత వేళ సోలార్ పనిచేస్తుంది. కోతలు తక్కువగా ఉండే ఈ ప్రాంతంలో కారు కోసం మాత్రమే అంత ఖర్చు పెట్టడం నా దృష్టిలో దండగ.

కింద, పార్కింగులో

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ కింద, స్టిల్ట్‌లోనో సెల్లారులోనో ఒకే బోర్డు మీద ఉండటం కారున్నవారికి కలిసొచ్చే విషయం. సొంత మీటరు నుంచి సొంత పార్కింగుకు దూరం చాలాచోట్ల పది ఇరవై మీటర్లే. ఇంటి కనెక్షన్‌తోనే కారు చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో ఉంది, విడిగా లైసెన్సు అక్కర్లేదు. పదహారు ఆంపియర్లకు కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ముప్పై రెండు ఆంపియర్లకు కనీసం 6 వేయాలి. ఇస్త్రీపెట్టె పావుగంట, గీజరు అరగంట వాడే మామూలు ప్లగ్గు బోర్డు కారు కోసం ఏకధాటిగా ఏడెనిమిది గంటలు పూర్తి బరువు మోయలేదు. వేడెక్కి కరుగుతుంది. పరిశ్రమల్లో వాడే గట్టి సాకెట్, దానికి విడిగా, కరెంటు మితిమీరితే ఆపే ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

పాత భవనాల్లో చాలామందిని ఆపేది ఎర్తింగ్. ఎర్త్ సరిగా లేకపోతే కారు చార్జింగే తీసుకోదు. చార్జింగ్ తీగ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ముప్పై ఏళ్ల కిందట ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది, లేదా తర్వాత పోసిన సిమెంటు కింద ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ప్యానెళ్ల చట్రానికి, ఇన్వర్టరుకు, పిడుగు నుంచి కాపాడే కడ్డీకి కూడా వేర్వేరు ఎర్త్ గుంతలు కావాలి. చుట్టూ సిమెంటు చేసిన ఆవరణలో వాటికి చోటు చూపించడమే పనిలో ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఇది ముందుగా చేయాల్సిన పని. కారు బుక్ చేయడానికి ముందే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ కొలిపించుకోవాలి.

రెండోది నీళ్లు. గట్టి వాన పడితే మైత్రీవనం దగ్గర, పంజాగుట్ట రోడ్ల మీద నీళ్లు నిలవడం ఇక్కడివారికి కొత్త కాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగాయి. సాకెట్‌ను, చార్జరును గతంలో నీళ్లు చేరిన మట్టం కన్నా పైన బిగించాలి. సెల్లారులోకి నీళ్లు వస్తున్నాయంటే ముందు మెయిన్ ఆపేలా వాచ్‌మన్‌కు చెప్పి ఉంచాలి.

రాయితీలు, నిబంధనలు

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన కింద కేంద్రం ఇంటికి ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు లేదా అంతకన్నా ఎక్కువకు 78 వేల రూపాయలు ఇస్తోంది. అపార్ట్‌మెంట్ సంఘాలకు ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు 18 వేలు, ఇంటికి మూడు కిలోవాట్ల పరిమితితో మొత్తం 500 కిలోవాట్ల వరకు వస్తాయి. ఆ ఉమ్మడి అవసరాల్లో వాహనాల చార్జింగ్‌ను పథకమే పేరుపెట్టి చేర్చింది. లిఫ్టు, మోటారు, వరండా దీపాల బిల్లు తగ్గించుకుంటూ, మిగిలినదాన్ని సబ్‌మీటర్లు పెట్టి కార్లకు ఇచ్చే ఏర్పాటుకు ఇదే ఆధారం. చార్జింగ్ అంటే సేవ, విద్యుత్ అమ్మకం కాదని 2018 ఏప్రిల్‌లోనే కేంద్రం తేల్చింది కాబట్టి సంఘం డబ్బు వసూలు చేసినా ఇబ్బంది లేదు. వ్యక్తిగత ప్యానెళ్లకన్నా ఈ ఉమ్మడి దారే అమీర్‌పేట అపార్ట్‌మెంట్లకు తగినదని నా అభిప్రాయం: డాబా వాటాల తగువు తీరుతుంది, పైనుంచి కిందికి ఇరవై తీగల బదులు ఒకటే దిగుతుంది.

రాయితీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే పెట్టాలి. దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో, కరెంటు బిల్లు మీద ఉండే కనెక్షన్ గుర్తింపు సంఖ్యతో (యూఎస్‌సీ నంబరు) చేయాలి. గుర్తింపు పొందిన విక్రేతే బిగించాలి. నెట్ మీటర్ పెట్టి, తనిఖీ ముగిశాక డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదన్నాయి, కారు చార్జింగ్‌కు విడిగా కనెక్షన్ తీసుకునే వీలు కూడా ఇచ్చాయి. కార్ల వైపు చూస్తే, తెలంగాణ 2024 నవంబరు 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. ఈ మినహాయింపుకు పెట్టిన గడువు 2026 డిసెంబరు 31.

ఇతర దేశాల్లో

కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ తర్వాత సోలార్ పెట్టించుకున్నవారికి లైన్లోకి పంపిన యూనిట్‌కు చాలా తక్కువ ధర కట్టడం మొదలైంది. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలతో సహా అందరికీ పగలే కారు నింపుకోవడం లాభసాటి అయింది. ఇక్కడి నెట్ మీటరింగ్ కూడా ఎప్పటికీ ఇలాగే ఉంటుందన్న హామీ లేదు కాబట్టి పగటి చార్జింగ్ అలవాటు ముందుచూపే. జర్మనీ 2023 సెప్టెంబరులో సోలార్, ఇంటి బ్యాటరీ, కారు చార్జరు మూడూ కలిపి కొనేవారికి రాయితీ ప్రకటిస్తే 30 కోట్ల యూరోల నిధి ఒక్క రోజులో అయిపోయింది. కారు బ్యాటరీ నుంచి తిరిగి ఇంటికి కరెంటు తీసుకునే పద్ధతిని 2011 భూకంపం తర్వాత జపాన్‌లో నిస్సాన్ లీఫ్ కార్లతో వాడుకలోకి తెచ్చారు.

అద్దెకుండేవారు

అమీర్‌పేట, పంజాగుట్టల జనాభాలో అద్దెకుండేవారు చాలా ఎక్కువ. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉన్నవారు పాతికేళ్లు పనిచేసే ప్యానెళ్లు పెట్టించుకోలేరు, ఇంటి యజమాని సంతకం లేకుండా దరఖాస్తూ ముందుకు సాగదు. వారు చేయగలిగింది మీటరు నుంచి పార్కింగుకు తీగ లాగించుకోవడం. ఖాళీ చేసేటప్పుడు సాకెట్, ఎంసీబీ పెట్టె విప్పి తీసుకెళ్లవచ్చు. వాడకం 200 యూనిట్లు దాటితే శ్లాబు మారుతుందన్న సంగతి యజమానితో ముందే మాట్లాడుకోవాలి, మీటరు ఉమ్మడిదైతే మరీ ముఖ్యం. స్కూటరు ఉన్నవారికి ఈ బాధ తక్కువ. వంద కిలోమీటర్లకు మూడు నాలుగు యూనిట్లతో సరిపెట్టుకునే బండి ఇంటి బిల్లును పెద్దగా కదిలించదు. వీరందరికీ పగటి ఎండ అందాలంటే పగలు బండి నిలిచే చోట సాకెట్ ఉండాలి. నిమ్స్ చుట్టుపక్కల ఆసుపత్రులు, పంజాగుట్ట, సోమాజిగూడల్లోని ఆఫీసులు, అమీర్‌పేట మెట్రో స్టేషన్ పరిసరాల పార్కింగులు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం దాకా నిండి ఉండేవే. కేంద్రం 2019లో సవరించిన నమూనా భవన నిబంధనలు పార్కింగులో 20 శాతం చోటుకు చార్జింగ్ వసతి ఉండాలన్నాయి. ఆ నిబంధన కొత్త కట్టడాలకు మాత్రమే. ఈ రెండు పేటల్లోని భవనాల్లో ఎక్కువభాగం అంతకుముందే కట్టినవి. వాటిలో సాకెట్లు యజమానులు, అసోసియేషన్లు తమంతట తాము పెట్టించాల్సిందే.